కంపోస్టు నుంచి హ్యూమిక్ పదార్థాలు తీయడం, వాటి రసాయన గుణాలు తేల్చడం: మొదటి నుంచి చివరి దాకా

పండిన కంపోస్టును పలుచటి కాస్టిక్ సోడా ద్రావణంలో వేసి కుదిపితే కొద్ది నిమిషాల్లోనే నీరు ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. గంట గడిచేసరికి సీసా వెనక ఏముందో కనిపించదు. చాలామంది అక్కడే ఆగి "హ్యూమిక్ వచ్చేసింది" అనుకుంటారు. అసలు పని మొదలయ్యేది అక్కడే. క్షారంలో కరిగేది హ్యూమిక్ ఒక్కటే కాదు. సగం కుళ్లిన లిగ్నిన్, ప్రోటీన్ ముక్కలు, చక్కెరల గొలుసులు, కొవ్వు ఆమ్లాలు కూడా కరుగుతాయి, సన్నటి బంకమట్టి రేణువులు వాటితోపాటు తేలుతూ వస్తాయి. ఆ నల్లటి నీళ్లలో ఎవరి వాటా ఎంతో తేల్చకుండా ఇచ్చే హ్యూమిక్ శాతానికి విలువ లేదు. ఈ మార్గదర్శి పొడవునా నేను పట్టుకుని నడిచే విషయం ఇదొక్కటే.

ప్రయోగశాలలో ప్రాథమిక రసాయన పని తెలిసినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పీహెచ్ మీటరు, సెంట్రిఫ్యూజ్, టైట్రేషన్ మీద చెయ్యి తిరిగి ఉంటే చాలు. మిగతావి దారిలో చూద్దాం.

ముందు పేర్ల సంగతి

1786లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రాంజ్ కార్ల్ అచార్డ్ పీట్ మట్టిని క్షారంలో నానబెట్టి, ఆ ద్రావణంలో ఆమ్లం పోసి నల్లటి ముద్దను రాబట్టాడు. మనం ఈరోజు చేసేది మూలంలో అదే ప్రయోగం. పేర్లు కూడా దాని నుంచే పుట్టాయి. క్షారంలో కరిగి, ఆమ్లంలో (పీహెచ్ 1 దగ్గర) ముద్దగా దిగేది హ్యూమిక్ ఆమ్లం. రెండింట్లోనూ కరిగే ఉండేది ఫుల్విక్ ఆమ్లం. దేంట్లోనూ కరగకుండా అడుగున మిగిలేది హ్యూమిన్.

గమనించండి, ఇవి ఒక్కో అణువు పేర్లు కావు. కరిగే తీరును బట్టి పెట్టిన పేర్లు. సిట్రిక్ ఆమ్లానికి ఉన్నట్టు హ్యూమిక్ ఆమ్లానికి ఒక ఫార్ములా లేదు. వేల రకాల అణువుల గుంపు అది. పెద్ద పెద్ద పాలిమర్ గొలుసులని ఒకప్పుడు నమ్మేవారు. చిన్న అణువులే హైడ్రోజన్ బంధాలతో, నీటిని తప్పించుకునే భాగాల దగ్గరితనంతో గుంపుకట్టి పెద్దవిగా కనిపిస్తాయని తర్వాత పికోలో వంటి మట్టి శాస్త్రవేత్తలు వాదించారు. 2015లో లేమన్, క్లెబర్ ఇంకా ముందుకెళ్లి, ఈ వర్గీకరణ క్షారంతో తీసే పద్ధతి వల్ల పుట్టినదే తప్ప మట్టిలో ఉన్న స్థితికి అద్దం కాదన్నారు. ఆ విమర్శలో బలముంది. నా మట్టుకు నేను ఈ పద్ధతిని వదిలేయలేదు. ఒకే కంపోస్టు వారాల తరబడి ఎలా మారుతోందో పోల్చడానికి ఇది ఇప్పటికీ పనికొస్తుంది. తీసినదాన్ని "ఈ షరతులతో కరిగిన భాగం" అని చెప్పాలే గానీ, కంపోస్టులో అది అదే రూపంలో దాగి ఉందని చెప్పకూడదు.

1. నమూనా

కంపోస్టు కుప్ప పై పొర, నడుమ, అడుగు ఒకేలా పండవు. కనీసం పది చోట్ల నుంచి తీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలను మాత్రమే ఉంచుకుంటూ తగ్గించండి. గాలికి ఆరబెట్టండి. ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టిన నమూనాను వెలికితీతకు వాడొద్దు, ఆ వేడికి పదార్థమే మారుతుంది. తేమ లెక్కకు మాత్రం వేరే చిన్న భాగాన్ని 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టాలి. పుల్లలు, గాజు ముక్కలు, ప్లాస్టిక్ ఏరేసి, నూరి, 2 మి.మీ. జల్లెడ పట్టండి. కార్బన్ కొలిచే భాగాన్ని ఇంకా మెత్తగా నూరాలి.

ఆహార వ్యర్థాల కంపోస్టులో కొవ్వులు ఎక్కువ. వాటిని ముందే తీసేయకపోతే హ్యూమిక్ ఆమ్లంతోపాటు దిగుతాయి, తర్వాత పరారుణ పటంలో (పదో మెట్టు) తరంగ సంఖ్య 2920 దగ్గర పెద్ద శిఖరం చూసి ఇదేదో హ్యూమిక్ గుణమని పొరబడతాం. క్లోరోఫామ్, మెథనాల్ 2:1 మిశ్రమంతో సాక్స్‌లెట్‌లో కడిగితే పోతాయి. పశువుల పేడ, ఆకుల కంపోస్టుకు ఇది చేసినా మంచిదే, కానీ ఒక వరుసలో కొన్నిటికి చేసి కొన్నిటికి మానేయకండి.

2. ముందుగా ఆమ్లంతో కడగడం

పొడి బరువు లెక్కన 20 గ్రాముల కంపోస్టు తీసుకోండి. 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్‌ను 1, 2 మధ్యకు తెచ్చి, 0.1 మోలార్ ఆమ్లంతో మొత్తం 200 మి.లీ. చేయండి. అంటే గ్రాముకు 10 మి.లీ. గంటసేపు కుదిపి, సెంట్రిఫ్యూజ్ చేసి పై నీటిని వేరుచేయండి.

కంపోస్టులో కార్బొనేట్లు ఎక్కువ కాబట్టి బుసబుసా పొంగుతుంది. పెద్ద పాత్ర వాడండి, ఆమ్లాన్ని కొద్దికొద్దిగా పోయండి. పొంగు ఆగాక పీహెచ్ మళ్లీ పైకి జరుగుతుంది, అర్ధగంట ఆగి మరోసారి సరిచేయాలి. ఈ మెట్టును అనవసరమని దాటేసేవాళ్లున్నారు. కంపోస్టులో కాల్షియం దండిగా ఉంటుంది. కాల్షియం పట్టుకున్న హ్యూమేట్ క్షారంలో సరిగా కరగదు. ఆమ్లం ఆ కాల్షియాన్ని లాగేస్తేనే తర్వాతి మెట్టులో పూర్తిగా బయటికొస్తుంది.

కడిగిన నీటిని పారబోయకండి. ఆమ్లంలోనే కరిగిన ఫుల్విక్ భాగం అందులో ఉంది. చీటీ అంటించి చలిపెట్టెలో పెట్టండి, అయిదో మెట్టులో కావాలి.

3. క్షారంతో తీయడం

మిగిలిన ముద్దను నీటిలో కలిపి 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 7కు తెచ్చి, నత్రజని వాయువు కింద 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ పోసి మళ్లీ గ్రాముకు 10 మి.లీ. చేయండి. కనీసం 4 గంటలు కుదపాలి. రాత్రంతా తేరనిచ్చి, పొద్దున సెంట్రిఫ్యూజ్ చేసి పై ద్రావణాన్ని తీసుకోండి. ఇదీ అంతర్జాతీయ హ్యూమిక్ పదార్థాల సంఘం (1981లో ఏర్పడింది) మట్టికి సూచించిన పద్ధతి. కంపోస్టుకూ ఎక్కువమంది దీన్నే అనుసరిస్తారు.

నత్రజని ఎందుకు? పీహెచ్ 13 దగ్గర ఫీనాలిక్ గుంపులు గాలిలోని ఆక్సిజన్‌తో చకచకా ఆక్సీకరణ చెందుతాయి. చెందుతూ రంగు ముదురుతుంది, కార్బాక్సిల్ గుంపులు పుడతాయి. అంటే మనం కొలవబోయే గుణాలనే మనం తయారుచేస్తున్నట్టు. తొలిరోజుల్లో నేను సిలిండర్ ఖాళీ అయిందని ఒక వరుస నమూనాలను గాలిలోనే కుదిపాను. రంగు బ్రహ్మాండంగా వచ్చింది, సంబరపడ్డాను. కార్బాక్సిల్ విలువలు పాత వరుసతో పోల్చే వీల్లేనంత తేడాగా వచ్చాయి. నెల పని మళ్లీ చేయాల్సి వచ్చింది. ద్రావణం కలిపే నీటిలోకి కూడా ముందే 15, 20 నిమిషాలు నత్రజని పంపి, సీసా మెడ దాకా నింపి బిగించడం అప్పటి నుంచి అలవాటైంది.

క్షారంలో 24 గంటలకు మించి ఉంచొద్దు. ఎస్టర్ బంధాలు తెగుతాయి, ప్రోటీన్లు విడిపోతాయి. వేడి చేస్తే దిగుబడి పెరుగుతుంది గానీ పెరిగేది ఎక్కువగా మనకు అక్కర్లేనిదే. ఎంతసేపు, ఎన్నిసార్లు తీశారన్నది మొత్తం వరుసకు ఒకటే ఉండాలి. ఒక నమూనాకు రెండుసార్లు, ఇంకోదానికి రంగు తేలిపోయేదాకా అయిదుసార్లు తీస్తే పోలిక పోయినట్టే.

సోడియం హైడ్రాక్సైడ్‌కు బదులు 0.1 మోలార్ సోడియం పైరోఫాస్ఫేట్ వాడే పద్ధతీ ఉంది. అది కాల్షియం, ఇనుము, అల్యూమినియంలను పట్టుకుని వాటి గుప్పిట్లోని సేంద్రియ పదార్థాన్ని వదిలిస్తుంది. నెమ్మదైన పద్ధతి, దిగుబడి తక్కువ, లిగ్నిన్ కలుషితమూ తక్కువ. రెండూ కలిపి వాడినవాళ్ల అంకెలతో మీ అంకెలను పక్కపక్కన పెట్టేముందు ఏ ద్రావణం వాడారో చూసుకోండి.

4. హ్యూమిక్ ఆమ్లాన్ని దించడం, శుద్ధి చేయడం

క్షార ద్రావణాన్ని కలుపుతూ 6 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని చుక్కచుక్కగా వేసి పీహెచ్ 1.0కి తెండి. ముదురు తునకలు విరిగి దిగడం కంటికి కనిపిస్తుంది. 12 నుంచి 16 గంటలు కదపకుండా ఉంచి సెంట్రిఫ్యూజ్ చేయండి. అడుగున హ్యూమిక్ ఆమ్లం, పైన పసుపు, నారింజ మధ్య రంగులో ఫుల్విక్ ద్రావణం.

ఇప్పుడు ఈ ముద్దను ఎండబెట్టి తూస్తే వచ్చే బరువులో మట్టి వాటా చాలా ఉంటుంది. దాన్ని వదిలించే వరుస ఇది.

ముద్దను వీలైనంత తక్కువ 0.1 మోలార్ పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నత్రజని కింద కరిగించి, పొటాషియం మొత్తం 0.3 మోలార్ అయ్యేలా పొటాషియం క్లోరైడ్ వేయండి. ఆ ఉప్పుకు తేలుతున్న బంకమట్టి గడ్డకడుతుంది. గురుత్వానికి 10,000 రెట్ల బలంతో సెంట్రిఫ్యూజ్ చేసి మట్టిని అడుగున వదిలేసి, పై ద్రావణాన్ని మళ్లీ పీహెచ్ 1.0కి తెచ్చి హ్యూమిక్ ఆమ్లాన్ని దించండి.

తర్వాతది సిలికాను కరిగించే మెట్టు: 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్, 0.3 మోలార్ హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాల మిశ్రమంలో రాత్రంతా ఉంచి, బూడిద 1 శాతం లోపుకు వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయాలి. ఇక్కడ ఆగి ఒక మాట వినండి. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం మామూలు ఆమ్లం లాంటిది కాదు. 0.3 మోలార్ అంటే దాదాపు 0.6 శాతమే, పడిన వెంటనే మంట కూడా తెలియకపోవచ్చు. గంటల తర్వాత, ఒక్కోసారి మరునాటికి నొప్పి మొదలవుతుంది, ఈలోగా ఫ్లోరైడ్ లోపలికి దిగి కాల్షియాన్ని పట్టేస్తుంది. శిక్షణ పొందినవాళ్లు పక్కన లేకుండా, ఫ్యూమ్ హుడ్ లేకుండా, కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందే దూరంలో లేకుండా సీసా మూత కూడా తీయొద్దు. గాజు పాత్రలను అది తినేస్తుంది, పాలీప్రొపిలీన్ పాత్రలే వాడాలి. ఈ సదుపాయం లేకపోతే ఈ మెట్టు వదిలేయండి. బూడిద కొలిచి, అన్ని ఫలితాలనూ బూడిద తీసేసిన లెక్కన చెబితే చాలావరకు పని జరుగుతుంది. ప్రాణం కన్నా ఒక శాతం బూడిద ఎక్కువ కాదు.

చివరగా డయాలసిస్, అంటే ముద్దను సన్నటి రంధ్రాల సంచిలో వేసి నీటిలో ఉంచి ఉప్పును బయటికి పంపడం. సంచిలో మూడో వంతు ఖాళీ వదలండి, నీరు లోపలికి చేరి ఉబ్బుతుంది. బయటి నీటిలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లదనం రావడం ఆగేదాకా నీరు మారుస్తూ ఉండాలి. ఉప్పు పోయేకొద్దీ ముద్ద సంచిలోనే సన్నగా విడిపోయి గోధుమ రంగు నీరులా మారుతుంది. చెడిపోయిందనుకోకండి, ఆమ్ల రూపంలో ఉన్న హ్యూమిక్ తీరే అంత. ఫ్రీజ్ డ్రయర్‌లో ఎండబెట్టండి. ఓవెన్‌లో పెడితే మెరిసే నల్లటి పెచ్చులు కట్టి మళ్లీ తేలిగ్గా కరగదు.

5. ఫుల్విక్ భాగం: అందరూ తప్పుచేసేది ఇక్కడే

ఆమ్లంలో కరిగి మిగిలిందంతా ఫుల్విక్ ఆమ్లమని రాసేవాళ్లు చాలామంది. కంపోస్టు విషయంలో ఇది పెద్ద పొరపాటు. చక్కెరలు, అమైనో ఆమ్లాలు, చిన్న సేంద్రియ ఆమ్లాలు అన్నీ అందులోనే ఉంటాయి, పచ్చి కంపోస్టులో అవే ఎక్కువ కూడా.

వేరుచేయడానికి ఎక్స్‌ఏడీ-8 రకం రెజిన్ (తర్వాత దాని స్థానంలో వచ్చింది డీఏఎక్స్-8) ఉన్న గొట్టం గుండా పీహెచ్ 1 దగ్గర ద్రావణాన్ని పంపాలి. రెండో మెట్టులో దాచిన ఆమ్లపు కడుగు నీటిని కూడా విడిగా పంపండి. ఆ పీహెచ్ దగ్గర ఫుల్విక్ అణువుల కార్బాక్సిల్ గుంపులకు విద్యుదావేశం ఉండదు, అందుకే రెజిన్‌కు అంటుకుంటాయి. చక్కెరలు, ఉప్పులు దాటిపోతాయి. గొట్టాన్ని కొద్ది నీటితో కడిగి, 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో ఫుల్విక్‌ను దింపి, క్షణం ఆలస్యం చేయకుండా ఆమ్లం చేర్చండి. హైడ్రోజన్ రూపంలోని కేటయాన్ రెజిన్ గుండా పంపితే సోడియం పోతుంది. తర్వాత ఫ్రీజ్ డ్రై. దీనికి పెద్ద రంధ్రాల డయాలసిస్ సంచి వాడొద్దు, ఫుల్విక్ అణువులు చిన్నవి, నీటిలోకి జారిపోతాయి.

6. కార్బన్ లెక్క, ఎంత పండిందో చెప్పే సూచికలు

మూడు అంకెలు కావాలి: కంపోస్టు మొత్తం సేంద్రియ కార్బన్, హ్యూమిక్ ఆమ్లంలోని కార్బన్, ఫుల్విక్‌లోని కార్బన్. వీటి నుంచి మూడు సూచికలు వస్తాయి. హ్యూమిక్, ఫుల్విక్ కార్బన్‌లు రెండూ కలిపి మొత్తం కార్బన్‌లో ఎంత శాతమన్నది హ్యూమిఫికేషన్ నిష్పత్తి. హ్యూమిక్ కార్బన్ ఒక్కటే ఎంత శాతమన్నది హ్యూమిఫికేషన్ సూచిక. హ్యూమిక్‌ను ఫుల్విక్‌తో భాగిస్తే వచ్చేది పాలిమరైజేషన్ స్థాయి అని పిలిచే అంకె (పేరు పాతకాలపు నమ్మకం నుంచి వచ్చింది, వాడుకలో మిగిలిపోయింది).

లెక్క ఎలా మారుతుందో ఒక ఊహా ఉదాహరణతో చూపిస్తాను. కిలో కంపోస్టులో 280 గ్రాముల కార్బన్, హ్యూమిక్‌లో 42, ఆమ్లంలో కరిగిన మొత్తం భాగంలో 28 అనుకుందాం. నిష్పత్తి 25 శాతం, సూచిక 15 శాతం, మూడో అంకె 1.5. ఇప్పుడు ఆ 28లో రెజిన్‌కు అంటుకున్నది 16 మాత్రమే అనుకోండి. నిష్పత్తి 20.7కి దిగుతుంది, మూడో అంకె 2.6కు ఎగబాకుతుంది. కంపోస్టు అదే, సంచి అదే. మారింది మనం ఫుల్విక్ అని దేన్ని పిలిచామన్నదే. అందుకే హ్యూమిక్, ఫుల్విక్ నిష్పత్తి 1 దాటితే పండినట్టే అన్న సూత్రాన్ని ఏ పద్ధతితో వచ్చిన అంకె మీద ప్రయోగిస్తున్నారో చెప్పకుండా వాడకూడదు. ఒకే కంపోస్టును మొదటి వారం నుంచి చివరి దాకా ఒకే పద్ధతిలో కొలిచినప్పుడు ఆ అంకె ఎక్కే తీరును మాత్రం నమ్మవచ్చు.

కొలిచేటప్పుడు రెండు ఉచ్చులున్నాయి. డైక్రోమేట్ పద్ధతి వాడితే హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోని క్లోరైడ్ కూడా ఆక్సీకరణ చెంది కార్బన్‌ను ఎక్కువ చేసి చూపిస్తుంది. ఆమ్ల ద్రావణాలకు ఇది పెద్ద దోషమే. టీఓసీ యంత్రంలో (మొత్తం సేంద్రియ కార్బన్ కొలిచేది) మరో చిక్కు: క్షార ద్రావణం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చి కార్బొనేట్ చేసుకుంటుంది, దాన్ని పోగొట్టడానికి యంత్రం ఆమ్లం వేస్తే హ్యూమిక్ ఆమ్లం సిరంజిలోనే ముద్దకడుతుంది. క్షార ద్రావణానికి మొత్తం కార్బన్ నుంచి అకర్బన కార్బన్ తీసివేసే విధానం ఎంచుకోండి, బాగా పలుచన చేసి పంపండి. కంపోస్టు లేని ఖాళీ సీసాను కూడా అన్ని మెట్లూ నడిపించి, దాని అంకెను తీసేయాలి.

7. మూలకాలు

550 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు కాల్చి బూడిద చూడండి. మూలక విశ్లేషణ యంత్రంలో కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్, సల్ఫర్ వస్తాయి. 100 నుంచి వీటినీ బూడిదనూ తీసేస్తే మిగిలింది ఆక్సిజన్. అంటే అన్ని కొలతల పొరపాట్లూ చివరికి ఆక్సిజన్ నెత్తిన పడతాయని గుర్తుంచుకోండి. పొడిని కొలిచే ముందు బాగా ఆరబెట్టడం ముఖ్యం, తేమ ఉంటే హైడ్రోజన్ పెరిగి కనిపిస్తుంది.

కార్బన్ 52.4, బూడిద 3 శాతం వస్తే బూడిద లేని లెక్కన కార్బన్ 52.4 ÷ 0.97 = 54.0. హైడ్రోజన్ 5.6, నైట్రోజన్ 5.0, ఆక్సిజన్ 34.6 అనుకుందాం. శాతాలను అణుభారాలతో భాగించాకే నిష్పత్తులు తీయాలి: హైడ్రోజన్, కార్బన్ నిష్పత్తి (5.6 ÷ 1.008) ÷ (54.0 ÷ 12.011) = 1.24. ఆక్సిజన్, కార్బన్ నిష్పత్తి 0.48.

ఈ 1.24 ఏం చెబుతుంది? అంతర్జాతీయ హ్యూమిక్ పదార్థాల సంఘం అందించే ప్రామాణిక నమూనాల్లో లియోనార్డైట్ (పాతబడ్డ ఒక రకం బొగ్గు) హ్యూమిక్ ఆమ్లానికి ఇదే నిష్పత్తి సుమారు 0.7, ఎలియట్ మట్టి హ్యూమిక్‌కు సుమారు 0.75. కంపోస్టు హ్యూమిక్‌లో హైడ్రోజన్ అంత ఎక్కువుండటానికి కారణం సుగంధ వలయాలు (బెంజీన్ లాంటి కార్బన్ వలయాలు) తక్కువ, కొవ్వు గొలుసులు, చక్కెర, ప్రోటీన్ భాగాలు ఎక్కువ ఉండటం. నైట్రోజన్ కూడా లియోనార్డైట్‌లో 1 శాతం చిల్లర, కంపోస్టులో దానికి ఎన్నో రెట్లు. పాతబడ్డ బొగ్గు నుంచి తీసినదాన్నీ నెలల వయసున్న కంపోస్టు నుంచి తీసినదాన్నీ ఒకే "హ్యూమిక్ శాతం"తో తూచడం ఎంత తప్పో ఈ రెండు అంకెలు చాలు చెప్పడానికి. పండేకొద్దీ హైడ్రోజన్, కార్బన్ నిష్పత్తి మెల్లగా దిగాలి. దిగకపోతే శుద్ధిలో కొవ్వో ప్రోటీనో మిగిలిందేమో వెతకండి.

8. ఆమ్ల గుంపులు

లోహాలను పట్టడం, విద్యుదావేశాన్ని మోయడం, పీహెచ్‌ను ఒడిదుడుకుల్లేకుండా నిలపడం అన్నీ కార్బాక్సిల్, ఫీనాలిక్ గుంపుల పనే. పాత పద్ధతి రెండు టైట్రేషన్లు. మొత్తం ఆమ్లత్వానికి బేరియం హైడ్రాక్సైడ్, కార్బాక్సిల్‌కు కాల్షియం ఎసిటేట్. రెంటి తేడా ఫీనాలిక్.

కార్బాక్సిల్‌కు: 50 మి.గ్రా. హ్యూమిక్ ఆమ్లం, 10 మి.లీ. 0.5 మోలార్ కాల్షియం ఎసిటేట్, 40 మి.లీ. కార్బన్ డయాక్సైడ్ లేని నీరు. 24 గంటలు కుదిపి, వడకట్టి, కడిగి, ఆ నీటిని 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 9.8 దాకా టైట్రేట్ చేయండి. హ్యూమిక్ లేని ఖాళీని కూడా. నమూనాకు 2.10, ఖాళీకి 0.45 మి.లీ. పట్టిందనుకోండి: (1.65 × 0.1) ÷ 0.050 = గ్రాముకు 3.3 మిల్లీ ఈక్వివలెంట్లు. బూడిద తీసేస్తే 3.4. వడపోత నుంచి హ్యూమిక్ జారిపోయి నీరు రంగుగా ఉంటే ఈ అంకె అబద్ధం చెబుతుంది, సన్నటి వడపోత వాడండి. ఫుల్విక్ పూర్తిగా దిగదు కనక దానికి ఈ పద్ధతి పెద్దగా పనికిరాదు.

నాకు నచ్చేది నేరు టైట్రేషన్. 0.1 మోలార్ సోడియం క్లోరైడ్‌లో, నత్రజని కింద, పీహెచ్ 3 నుంచి 10 దాకా నెమ్మదిగా క్షారం పోస్తూ ఆవేశాన్ని లెక్కగట్టాలి. పీహెచ్ 8 దగ్గరి ఆవేశం కార్బాక్సిల్. 8 నుంచి 10 మధ్య పెరిగిన ఆవేశానికి రెట్టింపు ఫీనాలిక్. ఆ రెట్టింపు ఒక ఊహ మీద నిలిచిన లెక్క: ఫీనాలిక్ గుంపుల్లో సగం పీహెచ్ 10కి విడిపోతాయని. కాబట్టి ఫీనాలిక్ అంకెకు రెండు దశాంశాలు రాయడం అనవసరం.

9. కాంతితో చేసే పరీక్షలు

ఈ4/ఈ6 అంటే 465, 665 నానోమీటర్ల దగ్గరి శోషణల నిష్పత్తి. 2 నుంచి 4 మి.గ్రా. పొడిని 10 మి.లీ. 0.05 మోలార్ సోడియం బైకార్బొనేట్‌లో కరిగించి కొలుస్తారు. మట్టి హ్యూమిక్‌కు సాధారణంగా 5 లోపు, ఫుల్విక్‌కు 6 నుంచి 8.5 అని పుస్తకాలు చెబుతాయి. ఈ అంకె తక్కువుంటే వలయాలు ఎక్కువని చాలాచోట్ల రాస్తారు. 1977లోనే చెన్, సెనెసి, ష్నిట్జర్ ఇది ప్రధానంగా రేణువుల, అణువుల సైజును చూపే అంకె అని తేల్చారు. పైగా ద్రావణంలో కాస్త మసక ఉన్నా చెదిరిన కాంతి 665 దగ్గరి చిన్న అంకెను ఎక్కువ పాళ్లలో పెంచేస్తుంది, నిష్పత్తి పడిపోతుంది. వడకట్టని ద్రావణం "బాగా పండింది" అన్న ఫలితం ఇవ్వడం ఇలాగే. 0.45 మైక్రాన్ల వడపోత తప్పనిసరి.

254 నానోమీటర్ల శోషణను కార్బన్‌తో భాగించే సువా అంకెను నేను ఎక్కువ నమ్ముతాను. సెంటీమీటరు సెల్‌లో శోషణ 0.30, కార్బన్ లీటరుకు 10 మి.గ్రా. అయితే 0.30 × 100 ÷ 10 = 3.0. వైషార్ బృందం 2003లో ఇచ్చిన సమీకరణం ప్రకారం వలయ కార్బన్ శాతం 6.52 × 3.0 + 3.63, అంటే సుమారు 23. ఆ సమీకరణం నీటి వనరుల సేంద్రియ పదార్థం మీద కట్టినది కాబట్టి కంపోస్టుకు దాన్ని పోలికగానే చూడండి. ఇనుము, నైట్రేట్ కూడా అక్కడే కాంతిని పీలుస్తాయి.

ఫ్లోరోసెన్స్ పటంలో రెండు ప్రాంతాలు చూడండి: 275 ఉత్తేజం, 340 ఉద్గారం దగ్గర ప్రోటీన్ లాంటి వెలుగు, 320 నుంచి 360 ఉత్తేజం, 420 నుంచి 460 ఉద్గారం దగ్గర హ్యూమిక్ వెలుగు. కంపోస్టు పండేకొద్దీ మొదటిది ఆరిపోతూ రెండోది పెరుగుతుంది. పలుచన చేయని ద్రావణం తన వెలుగును తానే మింగేస్తుంది, 254 దగ్గర శోషణ 0.1 లోపుకు తెచ్చాకే కొలవండి.

10. పరారుణ పటం, ఎన్‌ఎంఆర్

పొడి పొటాషియం బ్రోమైడ్‌తో బిళ్ల చేసి పరారుణ పటం తీయండి, హ్యూమిక్ 1 మి.గ్రా.కు 100 నుంచి 200 మి.గ్రా. ఉప్పు. తరంగ సంఖ్యలు (సెం.మీ.⁻¹) ఇలా చదవాలి. 3400 దగ్గర వెడల్పాటి దిబ్బ హైడ్రాక్సిల్‌ది, బిళ్లలోని తేమది కూడా. 2920, 2850 కొవ్వు గొలుసులవి. 1720 ఆమ్ల రూపంలోని కార్బాక్సిల్‌ది. అది కనిపించక 1590, 1390 దగ్గర బలంగా ఉంటే మీ పొడి ఇంకా ఉప్పు రూపంలోనే ఉంది, శుద్ధి మళ్లీ చూసుకోండి. 1650 నుంచి 1620 మధ్య వలయాలు, అమైడ్లు కలిసిపోతాయి. 1540 ప్రోటీన్ అమైడ్‌ది. 1030 దగ్గర చక్కెరల గొలుసులు, మట్టి సిలికేట్ ఒకే చోట నిలబడతాయి. 470, 530 దగ్గర కూడా శిఖరాలుంటే అది మట్టే.

ఇక 1510. ఇరుకైన, పదునైన శిఖరం. లిగ్నిన్ సంతకం. ఈ మార్గదర్శిలో నేను అన్నిటికన్నా ఎక్కువ పట్టించుకోమనేది దీన్నే. లిగ్నిన్ కూడా క్షారంలో కరిగి ఆమ్లంలో దిగుతుంది కదా. కరిగే తీరును బట్టి చూస్తే అది నూటికి నూరుపాళ్లూ హ్యూమిక్ ఆమ్లమే. రంపపు పొట్టు, గడ్డి ఎక్కువున్న కంపోస్టులో పండకముందే హ్యూమిక్ దిగుబడి ఘనంగా రావడానికి కారణం ఇదే. బీకరు వాటిని విడదీయలేదు, పటం పట్టిస్తుంది.

ఘనరూప కార్బన్-13 ఎన్‌ఎంఆర్ (కేంద్రక అయస్కాంత అనునాదం) దొరికితే అది ఇంకా స్పష్టంగా చెబుతుంది. పీపీఎం లెక్కన 0 నుంచి 45 కొవ్వు గొలుసులు, 45 నుంచి 60 మెథాక్సిల్, ప్రోటీన్ కార్బన్, 60 నుంచి 110 చక్కెరలు, 110 నుంచి 145 వలయాలు, 145 నుంచి 160 ఆక్సిజన్ తగిలిన వలయ కార్బన్, 160 నుంచి 190 కార్బాక్సిల్, అమైడ్. 56 దగ్గర పదునైన మెథాక్సిల్ శిఖరం లిగ్నిన్‌దే. 72, 105 జంటగా ఉంటే చక్కెరల గొలుసులు. పండుతున్న కంపోస్టులో చక్కెరల ప్రాంతం కుంగుతూ, వలయాలు, కార్బాక్సిల్ ప్రాంతాలు ఎదుగుతూ, 56 శిఖరం మొద్దుబారుతూ రావాలి.

అంకెలు ఒకదానితో ఒకటి పేచీ పడితే

పడతాయి. హ్యూమిక్, ఫుల్విక్ నిష్పత్తి 2 దాటింది, ఈ4/ఈ6 దిగింది, కానీ 1510 పదునుగా ఉంది, హైడ్రోజన్, కార్బన్ నిష్పత్తి 1.3 దగ్గరే నిలిచింది అనుకోండి. నేనైతే చివరి రెండింటి మాటే వింటాను. మొదటి రెండు అంకెలు లిగ్నిన్ వల్లా, మసక వల్లా తేలిగ్గా మోసపోతాయి. అణువు నిర్మాణాన్ని చూపే శిఖరాలను మోసం చేయడం కష్టం. అలాంటి కంపోస్టును ఇంకో నాలుగు వారాలు కుప్పలోనే ఉంచి, తేమ చూసి, తిరగేసి, అదే 20 గ్రాములతో, అదే 4 గంటల కుదుపుతో మళ్లీ తీయండి. 1510 కాస్తయినా వెడల్పు అయిందేమో పాత పటాన్ని కొత్తదాని మీద పరిచి చూడండి. మూడో మెట్టులో సీసా అడుగున మిగిలిన హ్యూమిన్‌ను కూడా పారేయకుండా ఎండబెట్టి కార్బన్ కొలవండి. హ్యూమిక్, ఆమ్లంలో కరిగిన భాగం, దాచిన కడుగు నీరు, కొవ్వు, హ్యూమిన్ కార్బన్‌లన్నీ కలిపితే మొదట వేసిన కార్బన్‌కు దగ్గరగా రావాలి. రాకపోతే తప్పిపోయింది ఏ మెట్టులోనో దొరికేదాకా ఫలితాన్ని బయటికి చెప్పకండి.